కాగితం మీదికి రాని దడ

కార్ఖానా అనే పేటలో ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో జెరూషా ఈసీజీలు తీసేది. రోజుకు పాతిక మంది, ఒక్కోరోజు ముప్పై మంది. కాగితం మీద గీతలు పడుతుండగానే ఎవరి గుండె సరిగా ఉందో, ఎవరిది తేడాగా ఉందో డాక్టరు చెప్పకముందే ఆమెకు తెలిసిపోయేది. తన గుండెకు ఏమైందో తెలియడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది.

మొదటిసారి దడ వచ్చింది ఉద్యోగంలో చేరిన మూడో నెలలో. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు, పెళ్లయి ఏడాది. సాయంత్రం చిలకలగూడలోని ఇంటికి వెళ్లడానికి బస్సెక్కింది. కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచీ కోసం వంగి లేచేసరికి, లోపలి నుంచి ఎవరో తన్నినట్టు గుండె ఒక్కసారి అదిరి, ఆ తర్వాత ఇక ఆగకుండా పరుగు మొదలుపెట్టింది. మెడలో నరాలు టకటక కొట్టుకున్నాయి. కళ్లు మసకబారాయి. ప్యాట్నీ స్టాపు దగ్గర దిగి, మూసి ఉన్న దుకాణం మెట్ల మీద కూలబడి, చచ్చిపోతున్నాననుకుంటూ భర్తకు ఫోన్ చేసింది.

భర్త దయాకర్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. పని వదిలేసి అతను వచ్చేలోపు దడ ఎంత హఠాత్తుగా మొదలైందో అంతే హఠాత్తుగా ఆగిపోయింది. అతను వచ్చి చూసింది మెట్ల మీద మామూలుగా కూర్చున్న మనిషిని.

మర్నాడు ఆమె తన విషయం సెంటరు యజమాని డాక్టర్ భానుప్రకాశ్‌కు చెప్పింది. ఆయన ఈసీజీ తీయించాడు. కాగితం శుభ్రంగా వచ్చింది. పెళ్లయి ఎన్నాళ్లైందని, ఇంట్లో అత్తగారు ఉంటుందా అని అడిగాడు. ఉంటుందని చెబితే నవ్వి, చీటీ మీద టెన్షన్ అని రాసి, పడుకునే ముందు వేసుకోమని ఒక చిన్న మాత్ర ఇచ్చాడు.

ఆ మాట ఆమెకు అంటుకుపోయింది.

దడ నెలకు రెండుసార్లు వచ్చేది, ఒక్కోసారి రెండు నెలలు అసలు వచ్చేది కాదు. వస్తే పది నిమిషాలు ఉండేది, లేదా గంట. ఎప్పుడు వచ్చినా ఆమె మిషన్ దాకా చేరేలోపు పోయేది. ఒకసారి సెంటర్లోనే, భోజనం చేస్తుండగా వచ్చింది. చెయ్యి కడుక్కుని లోపలికి పరిగెత్తి బల్ల మీద పడుకుంటే, క్లిప్పులు పెట్టుకునేలోపు నిలిచిపోయింది. ఇరవై నాలుగు గంటలు ఒంటికి కట్టి ఉంచే మిషన్ కూడా ఒకసారి పెట్టుకుంది. ఆ రోజంతా ఆమె గుండె బుద్ధిగా నడిచింది.

దడ ఉండేది కాసేపే, మిగతా కాలమంతా భయం. జెరూషా టీ మానేసింది. బస్సులో తలుపు పక్కన చోటు దొరికితేనే ఎక్కేది. లిఫ్టు ఎక్కడం మానేసింది. స్నానాల గది గడియ పెట్టుకునేది కాదు. చర్చిలో పాటల బృందంలో చిన్నప్పటి నుంచీ పాడిన మనిషి, ఊపిరి బిగబట్టాల్సిన చోట గుండె జారుతుందేమోనని పాడటమే వదిలేసింది. దయాకర్ మొదటి రెండేళ్లు పిలిచినప్పుడల్లా వచ్చాడు. తర్వాత, ఆగిపోతుంది, కాసిని నీళ్లు తాగమని ఫోన్లో చెప్పేవాడు. ఆ తర్వాత ఫోన్ మోగుతూ ఉండేది. అతను చెడ్డవాడేం కాదు. అతను వచ్చిన ప్రతిసారీ ఆమె బాగానే కనపడింది, అంతే.

అత్త ఎలీసబెతు దీనికి భయపు ఆత్మ అని పేరు పెట్టింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో కోడలిని మధ్యలో నిలబెట్టి పదిమంది చేత తల మీద చేతులు వేయించేది. కోడలికి విశ్వాసం చాలదని, అందుకే విడుదల రావడం లేదని అందరికీ చెప్పేది. ఒక శుక్రవారం ఆ చేతుల కిందే దడ మొదలైంది. జెరూషా కళ్లు మూసుకుని వణుకుతూ నిలబడింది. ఆత్మ ఆమెను తాకిందనుకుని అందరూ ఇంకా గట్టిగా ప్రార్థించారు.

ఇక పిల్లల సంగతి. దయాకర్‌కు పిల్లలంటే ప్రాణం. జెరూషా మాత్రం వచ్చే ఏడు చూద్దామని, ఆ వచ్చే ఏడు చూద్దామని వాయిదా వేస్తూ వచ్చింది. గుండె అలా కొట్టుకుంటుంటే కడుపులో బిడ్డ ఏమవుతుందో, కాన్పు బల్ల మీద దడ వస్తే తనేమవుతుందో అని ఆమె భయం. ఆ భయాన్ని భర్తకు ఒకసారి చెప్పింది. అది కూడా టెన్షనే అన్నాడతను. ఆమెకు ముప్పై నాలుగో ఏడు దాటాక ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు.

ఆమె చేసిన ఒక పని గురించి కూడా చెప్పాలి. డిగ్రీ చదివే నాజ్నీన్ అనే అమ్మాయి ఒక రోజు తల్లితో ఈసీజీకి వచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు ఉన్నట్టుండి గుండె పరిగెడుతుందని, ఇక్కడికి వచ్చేసరికి ఏమీ ఉండటం లేదని చెప్పింది. కాగితం శుభ్రంగా ఉంది. నాకూ అంతే అన్న మాట జెరూషా నాలుక చివరి దాకా వచ్చింది. పక్క గదిలో డాక్టరు ఉన్నాడు, తలుపు తెరిచి ఉంది.

"నార్మలే ఉందమ్మా. టెన్షన్ తీసుకోకు," అంది.

విన్నావా అన్నట్టు తల్లి కూతురి వైపు చూసింది. ఆ అమ్మాయి ఎవరినీ చూడకుండా చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ సెంటరుకు రాలేదు.

పోయిన ఏడాది జూలైలో, మధ్యాహ్నం డాక్టరు భోజనానికి వెళ్లిన వేళ, జెరూషా కింద పడిన జెల్ ట్యూబు కోసం వంగింది. లేచేలోపే దడ పట్టుకుంది. సెంటర్లో ఆమె, ఊడ్చి తుడిచే బాలమ్మ తప్ప ఎవరూ లేరు. జెరూషా బల్ల మీద పడుకుని బాలమ్మను పిలిచింది. చేతులు వణికిపోతున్నాయి, క్లిప్పు పట్టడం లేదు.

బాలమ్మకు చదువు రాదు. చీపురు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వు కదలకు బిడ్డా. నాకెర్కనే," అంది. "ఎర్రది కుడి చెయ్యి, పసుపుది ఎడమ చెయ్యి. నల్లది కుడి కాలు, ఆకుపచ్చది ఎడమ కాలు. గిన్నేండ్ల సంది చూస్తలేనా?"

ఛాతీ మీద రబ్బరు బుడ్డలు మాత్రం జెరూషా వేలుపెట్టి చూపిన చోట ఒక్కొక్కటే అతికించింది. ఏ బటన్ నొక్కాలో అడిగి నొక్కింది. కాగితం బయటికి రావడం మొదలైంది. జెరూషా పడుకునే దాన్ని లాక్కుని చూసింది. గీతలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా, ఒకే కొలతలో, వరసగా ఉన్నాయి. నిమిషానికి రెండు వందల పద్నాలుగు. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంకోటి తియ్యి, ఇంకోటి తియ్యి అంటూ బాలమ్మ చేత నాలుగు తీయించింది. నాలుగోది సగంలో ఉండగా దడ ఆగింది. ఆగిన చోటు కూడా కాగితం మీద పడింది.

డాక్టరు వచ్చాక నాలుగూ ఆయన బల్ల మీద పరిచింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. గుండెలో కరెంటు పోయే దారిలో అడ్డదారి ఒకటి ఉందని, పుట్టుకతోనే ఉంటుందని, ప్రాణాపాయం అరుదని, కాలి నరం గుండా తీగ పంపి ఆ దారిని కాల్చేస్తే పూర్తిగా పోతుందని చెప్పాడు. దొరికింది, మంచిదైందన్నాడు.

"పదకొండేండ్ల సంది నా కాగితాలల్ల టెన్షన్ అనే ఉన్నది సార్," అంది జెరూషా.

"ఈసీజీల రానిదాన్ని నేనెట్ల రాస్తనమ్మా?"

"రాలేదని రాయొచ్చు కద సార్. లేదని ఎందుకు రాసిన్రు?"

ఆయన కాగితాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు. పేషెంట్ల ముందు ఈ సంగతి మాట్లాడవద్దని, మన సెంటర్ మీద నమ్మకం పోతుందని మెల్లగా చెప్పి, తర్వాతి మనిషిని పంపమన్నాడు.

పెద్దాసుపత్రికి దయాకర్ కూడా వెంట వెళ్లాడు. అక్కడి గుండె డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. కాగితాలు చూడగానే, ఇన్నాళ్లు ఎలా భరించారమ్మా అన్నాడు. వివరాలు రాసుకుంటూ పిల్లలెందరని అడిగాడు. లేరంది. కారణం కూడా చెప్పింది. ఆయన రాయడం ఆపి తలెత్తాడు.

"ఇది ఉన్నా పిల్లల్ని కనొచ్చమ్మా. జాగ్రత్తగా చూసుకుంటాం, మందులు కూడా ఉన్నాయి. ఎవరూ చెప్పలేదా?"

లేదని తల ఊపింది. దయాకర్ గోడకున్న గుండె బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు.

బయట స్కూటర్ దగ్గరికి వచ్చాక తాళంచెవి పెట్టబోయి ఆగాడు. అప్పుడన్నాడు:

"ఎవరూ చెప్పలేదన్నవు. నువ్వు ఎవరినన్న అడిగినవా?"

అడగలేదు. అడిగితే మళ్లీ అదే మాట వినాల్సి వస్తుందని అడగలేదు. అది అతనికి చెప్పాలనిపించింది గానీ, చెప్పినా అతనికి పోయింది తిరిగి రాదని తెలిసి ఊరుకుంది. అతను అడిగింది తప్పు కాదు, అందుకే ఆమెకు ఈనాటికీ మంట తగ్గలేదు. దడ వచ్చినప్పుడు తనను వదిలేసి, లెక్క అడగాల్సిన ఒక్కసారి మాత్రం తన పక్కన నిలబడ్డాడని ఆమె కోపం. పదకొండేళ్లు ఎవరినీ అడగకుండా భయంతోనే కాపురం చేసిందని అతని కోపం.

ఆగస్టులో ఆ దారిని కాల్చేశారు. రెండో రోజే ఇంటికి పంపారు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పిల్లల గురించి మళ్లీ ఆలోచించవచ్చని కుర్ర డాక్టరే అన్నాడు. ఇంట్లో ఆ ఆలోచన ఎవరూ చేయలేదు. దయాకర్ పక్క ముందు గదిలోకి మారింది. ఉక్కగా ఉంది, అక్కడ గాలి బాగుంటుందని మొదట అన్నాడు. ఆ ఉక్క పోయి చాలా రోజులైంది.

దడ మళ్లీ రాలేదు. భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా గుండె ఒక దెబ్బ తప్పితే ఆమె చేస్తున్న పని ఆపి, తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూస్తుంది. అది మామూలేనని, అందరికీ ఉంటుందని కుర్ర డాక్టరు చెప్పాడు. మామూలు అనే మాటను నమ్మడం ఆమెకు కష్టం.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఎలీసబెతు చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించింది. తన కోడలిని ప్రభువు భయపు ఆత్మ నుంచి విడిపించాడని మైకులో చెప్పి, సాక్ష్యం చెప్పమని ఆమెను ముందుకు పిలిచింది. జెరూషాకు లేవాలని లేదు. వంద మంది తిరిగి చూస్తున్నారు. లేచి వెళ్లి మైకు తీసుకుంది.

"నాకు ఏ ఆత్మ పట్టలేదు," అంది. "జబ్బు ఉండె. ఆసుపత్రిల తగ్గింది. జబ్బుంది, జెర నమ్మండ్రని పదకొండేండ్లు చెప్పిన. మీరందరు నా విశ్వాసం సరిపోదన్నరు. నా మాట మీరెవ్వరు విశ్వసించలే."

మైకు ఇచ్చేసి వచ్చి కూర్చుంది. పాస్టరు గొంతు సవరించుకుని తర్వాతి పాట సంఖ్య చెప్పాడు. ఎలీసబెతు పాట పుస్తకం తెరవలేదు. ప్రార్థన అయ్యాక కొడుకు వచ్చేదాకా ఆగకుండా ఆటో పిలుచుకుని ఒక్కతే వెళ్లిపోయింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే దయాకర్, అంతమంది ముందట అనుడు అవసరమా అని అడిగాడు.

"అంతమంది ముందటనే కద నన్ను నిలబెట్టిన్రు," అంది జెరూషా.

అతను స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఆమె వెనక కూర్చుంది, ఇద్దరి మధ్యా హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని. దారిలో ఒకచోట ఆపి అతను పాల ప్యాకెట్లు తెచ్చాడు. ఆమె అందుకుని ఒళ్లో పెట్టుకుంది.