త్రాసును తూచే బావ

మా బావది తూనికల యంత్రాలు బాగుచేసే పని. ఊళ్లో ఏ త్రాసు మీదా ఆయనకు నమ్మకం లేదు. కూరగాయలు కొనబోయినా సరే, జేబులోంచి ఇత్తడి రాయి తీసి ముందు త్రాసును తూచాకే బేరం మొదలుపెడతాడు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

అంతటి అనుమానపు మనిషి తన ఒంటిని మాత్రం గుడ్డిగా నమ్మాడు. ఈమధ్య చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నాడు, చిక్కిపోయి బెల్టుకు కొత్త బెజ్జం పెట్టుకున్నాడు. రక్తపరీక్ష మాటెత్తితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. మా నాన్న కూడా ఇలాగే అంటూ అంటూ షుగరు ముదిరి కాలు పోగొట్టుకున్నాడు. అందుకే అక్కకు భయం పట్టుకుంది. "నువ్వయినా ఒప్పించరా" అని నన్ను పిలిపించింది. నేను షుగరు చూసే మిషన్ కొని సంచిలో వేసుకుని వెళ్లాను.

వెళ్లేసరికి బావ వేరే పరీక్షలో తలమునకలుగా ఉన్నాడు. హాల్లో ఉప్పునీటి తొట్టి, అందులో రెండు నారింజ రంగు చేపలు, పగడాలు. పగడాలంటే రాళ్లనుకునేరు, అవీ ప్రాణులే. నీళ్లు కాస్త చెడితే ముడుచుకుపోతాయి. బావ ముద్దుల పగడం అలిగినట్టు ముడుచుకుని కూర్చుంది. నీళ్లలో నైట్రేట్ అనే మలినం పెరిగిందని ఆయన అనుమానం. దేనితో చూడాలన్నదే తేలడం లేదు. బల్ల మీద ముంచి తీసే కాగితపు పట్టీలు, రంగు తేల్చే చుక్కల మందు, అంకె చూపించే చిన్న మిషన్ ఉన్నాయి.

"ఏదో ఒకదాంతో చూసెయ్ బావా."

"ముందు త్రాసును తూచాలి" అంటూ ఒక సీసా చూపించాడు. అందులో నైట్రేట్ ఎంతుందో దాని మీదే రాసి ఉంది. ఆ లెక్క సరిగ్గా చెప్పిందే గెలిచినట్టు.

కాగితపు పట్టీ ఆ నీళ్లకూ కుళాయి నీళ్లకూ ఒకే రంగు తేలి చెత్తబుట్టలో పడింది. చుక్కల మందు వేస్తే నీళ్లు రంగు మారాయి గానీ, ఏ రంగన్న దగ్గర పేచీ వచ్చింది. బావ గులాబీ అన్నాడు. అక్క వంటింట్లోంచి వచ్చి వంకాయ రంగంది. నన్నడిగారు.

"పెళ్లయిన నాటినుంచీ మీరిద్దరూ ఏ రంగు దగ్గర కలిశారు గనక" అన్నాను.

నన్ను తిట్టే దగ్గర మాత్రం ఇద్దరూ కలిశారు.

మిషన్ ఒక్కటే సీసా మీది అంకె ఉన్నదున్నట్టు చెప్పింది. బావ మురిసిపోయి అందులో తొట్టి నీళ్లు పోశాడు. అంకె చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇంకో మిషన్ కొందాంలే" అన్నాను ఓదార్పుగా.

"నోర్ముయ్‌రా. నిజం చెబుతుందని తేలాక దాంతో గొడవేంటి? ప్రేమకొద్దీ చేపలకు మేత ఎక్కువేశాను, మిగిలింది కుళ్లింది. మేత తగ్గించాలి, నీళ్లు మార్చాలి. అంతే."

అక్క నా వైపు చూసింది. సందు దొరికింది కదా అని నా మిషన్ బయటికి తీశాను. బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మా పోరు పడలేక చివరికి వేలు చాపాడు. గుచ్చాను. అంకె ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువుంది. మిషన్ అక్క వైపు తిప్పాను.

"చవకరకం తెచ్చినట్టున్నావు. తప్పు చూపిస్తోంది" అన్నాడు బావ.

అక్క నా వేలు గుచ్చింది, తన వేలూ గుచ్చుకుంది. ఇద్దరివీ బాగానే ఉన్నాయి.

"మీ రక్తం సంగతి నాకేం తెలుసు? లెక్క తెలిసిన నీళ్లతో చూడాలి" అన్నాడు బావ.

అక్క మిషన్ డబ్బా అడుగున వెతికి, దాన్ని పరీక్షించడానికిచ్చే చక్కెర నీళ్ల బుల్లి సీసా ఒకటి తీసింది. లెక్క దాని మీదే రాసి ఉంది. "ఇదిగో. మీరే తూచండి."

బావ తన చేత్తోనే చుక్క వేశాడు. అంకె సీసా మీది లెక్కకు సరిపోయింది.

"నాకు భయంగా ఉందండీ" అంది అక్క.

బావ తల దించుకున్నాడు. "నాకూ భయమే. అందుకే చూపించుకోలేదు."

తాగబోతున్న టీ కప్పు నా వైపు జరిపాడు. "నువ్వు తాగరా. మేత తగ్గించాలి."

తాగాను. పాకంలా ఉంది. ఇన్నాళ్లూ దీన్ని ఎలా మింగాడో మహానుభావుడు.

మర్నాడు డాక్టరు దగ్గరికి అందరికంటే ముందు తనే తయారయ్యాడు. డాక్టరు మిషన్‌ను తూచడానికి ఆ బుల్లి సీసా జేబులో వేసుకున్నాడు.