లక్ష్మీరాజం జర్మనీ కారు

పెద్దపల్లి రైల్వే స్టేషన్ ముందరి కార్ల అడ్డాలో లక్ష్మీరాజం ఇరవై ఏడేళ్లుగా డ్రైవరు. మనిషి బక్కపలచన, మాట మాత్రం బరువు. ఆ మాట కూడా ఒక్కటే: "నా బండెక్కినోన్ని నేను రోడ్డు మీద నిలవెట్టలే." పెండ్లిళ్లకు, చావులకు, ధర్మపురి మొక్కులకు, కరీంనగర్ ఆస్పత్రులకు వేల మందిని చేర్చాడు. ఒక్కరినీ నడిదారిలో దింపింది లేదు. అడ్డాలో ఎవరి బండి మొరాయించినా వాళ్ల పక్కకు వెళ్లి నిలబడి, ఆ మాట ఒకసారి అని వచ్చేవాడు. అది పుండు మీద కారం చల్లడమని ఆయనకు తోచేది కాదు. తన బండి ఎన్నడూ ఆగలేదు కదా, ఎట్లా తోస్తుంది?

అలాంటి బుద్ధిమంతుడికి యాభై రెండో ఏట జర్మనీ కారు పిచ్చి పట్టింది. పట్టదా మరి! నిరుడు ఓ పెండ్లికి రమ్మంటే తన పాత తెల్ల కారును అద్దంలా తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. అప్పటికే పెండ్లికొడుకు కోసం నల్లటి జర్మనీ కారొకటి వచ్చి ఉంది. దానికి పూలదండలు, దాని డ్రైవరుకు కూల్‌డ్రింకు. లక్ష్మీరాజాన్ని మాత్రం పక్కకు పిలిచి, "కాకా, నువ్వు జర పెరుగు క్యాన్లు తీస్కరాపో" అన్నారు. ఎనిమిది క్యాన్లు. అందులో ఒకటి వెనక సీటు మీద ఒలికింది. ఆ వాసన నెల రోజులకు పోయింది. ఆయన కడుపుమంట పోలేదు.

"నేను గుడ కొంట" అన్నాడు ఇంటికొచ్చి.

"ఏంది, పెరుగా?" అంది భార్య సక్కుబాయి.

"జర్మనీ కారు. పాతదే. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పుత."

సక్కుబాయి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అప్పుడు నిజంగా భయపడింది.

లక్ష్మీరాజం తొందరపడే రకం కాదు. ఆరు నెలలు లెక్కలు వేశాడు. చివరికి కరీంనగర్ రోడ్డులో షెడ్డున్న బాబు మియా దగ్గరికి వెళ్లాడు. బాబు మియా ముప్పై ఏళ్ల స్నేహితుడు, మెకానిక్కు. పాత కారు కొనేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుని పోతారు. ఆయన ఇంజను చూసి, కింద దూరి చూసి, "వద్దు" అంటాడు. ఆ ఒక్క మాటతో ఎన్నో కాపురాలు నిలబెట్టిన మనిషి.

"రాజం భాయ్, గసొంటి కార్లు కొనుడు అల్కనే, సాకుడే పరేషాన్" అన్నాడు బాబు మియా. "ముంగటి లైటు ఒక్కటి పగిల్తే లక్ష. గేరుబాక్సు మూలిగిందనుకో, మూడు లక్షలు. ఏనుగును కొని గడ్డికాడ బేరమాడితే నడువది."

"అందుకే నిన్ను తీస్కపోతున్న. నువ్వు వద్దంటే వద్దు. ఇంటికొస్త."

సంక్రాంతి వెళ్లిన వారం. ఆదిలాబాద్‌లో పళ్లు టకటక కొట్టుకునే చలి. కారు అమ్మేది ఓంప్రకాశ్ అనే పత్తి వ్యాపారి. పన్నెండేళ్ల కారు, నల్లగా నిగనిగలాడుతూ ఎండలో నిలబడి ఉంది.

"దాదా, దీనికి ఏం రోగం లేదు" అన్నాడు ఓంప్రకాశ్. "ఉన్నా నాకు తెల్వది. నేనెప్పుడు ఎన్కలనే కూసుంట."

ఇంత నిజాయితీపరుడు దొరకడం కష్టం. అయినా బాబు మియా నమ్మలేదు. నేల మీద గోనెసంచి పరిచి కారు కిందికి దూరాడు. ఆయిలు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. అయస్కాంతం ముక్క పట్టుకుని రేకు పొడుగునా రాసి, ఎక్కడైనా మెత్తిన పుట్టీ ఉందేమోనని వెతికాడు. పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు. మూడు గంటలు! ఓంప్రకాశ్ మూడుసార్లు చాయ్ తెప్పించాడు, నాలుగోసారి తెప్పించలేదు.

తర్వాత హైవే ఎక్కి ఇచ్చోడ దాకా పోయి వచ్చారు. నూట ఇరవై మీద పోతుంటే లోపల చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది. లక్ష్మీరాజం స్టీరింగు మీద రెండే వేళ్లు ఉంచాడు. వాగు నీళ్లలో పడవలా పోతోంది బండి. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవై ఏడేళ్లు నడిపింది కార్లు కావు, తోపుడుబండ్లు అనిపించింది. బాబు మియా వైపు చూడాలంటే భయం, ఎక్కడ "వద్దు" అంటాడోనని.

"మాషా అల్లా" అన్నాడు బాబు మియా. "తీస్కో భాయ్. టైర్లు, బ్రేకులు, అంతే. బాంబే దాకా పోయినా దీనికి ఫికర్ లేదు."

పాత కారు అమ్మేశాడు. సక్కుబాయి చిట్టీ ఎత్తింది. మాఘమాసమంతా పేరు మార్చే కాయితాల చుట్టూ తిరగడానికే సరిపోయింది. మొదటి గిరాకీ మే నెలలో తగిలింది. పెద్దపల్లిలోనే, శ్రీహరి అనే కుర్రాడి పెండ్లి. ముహూర్తం పదకొండూ ఇరవై. విడిది నుంచి ఫంక్షన్ హాలుకు కిలోమీటరున్నర. బాంబే దాకా పోగల కారుకు అదొక లెక్కా!

తొమ్మిదిన్నరకు బారాత్ కదిలింది. ముందు డీజే బండి, దాని వెనక తీన్మార్ ఆడే పోరగాళ్లు, వాళ్ల వెనక పూలదండల్లో జర్మనీ కారు. వెనక సీటులో బాసింగంతో శ్రీహరి, పక్కన వాళ్ల బాపమ్మ. ఎండ నలభై అయిదు. ఏసీ పూర్తిగా పెట్టారు. కారు నాలుగడుగులు వేయడం, ఆగడం, మళ్లీ నాలుగడుగులు. గంట గడిచేసరికి మూడు వందల మీటర్లు కూడా పోలేదు. అప్పుడు ముందర ఎర్రలైటు వెలిగింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజను ఒకసారి వణికి, ఊరుకుంది.

లక్ష్మీరాజం తాళం మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. నడిబజారు, పెండ్లికొడుకు లోపల, తన బండి రోడ్డు మీద! అడ్డా డ్రైవర్లు ఇద్దరు ఎదురుగా పాన్‌డబ్బా దగ్గర నిలబడి చూస్తున్నారు. భూమి చీలితే దూరిపోయేవాడే.

"వేరే బండి తెస్తరు, దిగుండ్రి" అన్నాడు శ్రీహరి మేనమామ గోపాల్.

"దిగుడేంది!" అని బాపమ్మ గయ్యిమంది. "బాసింగం కట్టినంక మా ఇండ్లల్ల మండపం దాక పిల్లగాడు నేల మీద కాలు వెట్టడు. తోయుండ్రి!"

ఆడుతున్న పోరగాళ్లు పన్నెండు మంది చొక్కాలు పైకి మడిచి కారు వెనక చేరారు. రెండు టన్నుల బండి. కదిలేదాకా కష్టం, కదిలాక ఆపడం కష్టం. వెనక నుంచి కారు మీదికొస్తుంటే డీజే బండివాడు బెదిరి ముందుకు ఉరికాడు. తోసేవాళ్లు తోస్తున్నారు కనుక ఆడేవాళ్లు లేరు, ఆడేవాళ్లు లేరు కనుక దారి ఖాళీ. పదకొండు కొట్టకముందే కారు హాలు ముందుకు చేరింది. ఇంకా కుర్చీలో కునుకు తీస్తున్న పంతులుగారు లేచి, పంచె సర్దుకుంటూ వచ్చారు.

"నా సర్వీసులో ముహూర్తానికి వచ్చిన మొదటి పెండ్లికొడుకయ్యా!" అన్నారు ఆయన కళ్లనీళ్లతో.

లక్ష్మీరాజం కిరాయి అడగడానికి మొహం చెల్లక ఓ మూల నిలబడితే, పెద్దలే వెతుక్కుంటూ వచ్చి, మొత్తం ఇచ్చి, పైన కొత్త తువ్వాల కప్పారు.

బాబు మియా బానెట్టు ఎత్తి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "రేడియేటరు ఫ్యానుకు పానం లేదు భాయ్. హైవే మీద ఎదురుగాలి కొట్టి సల్లవరుస్తది, ఎర్కకాదు. మనం చలిల నూట ఇరవై మీద సూసినం. గీడ నడిచేది ఎండల, నాలుగడుగులు. ఫ్యాను, పంపు కలిపి లక్షా పదిహేను వేలు."

బారాత్ కారును కొనబోయి బారాత్ వేగంలో ఒక్క నిమిషం నడిపి చూడలేదు ఇద్దరు మహానుభావులూ!

రిపేరుకు డబ్బు కోసం తిరుగుతుంటే ఫోన్లు మొదలయ్యాయి. సుల్తానాబాద్ నుంచి ఒకాయన, మంథని నుంచి ఒకాయన. అందరిదీ గుసగుసే. "మీ కారు మధ్యల ఆగుతదట కదా? గట్లనే ఆపుండ్రి, ముహూర్తానికి అందుతం. పోరగాళ్లకు మాత్రం చెప్పకుండ్రి." అట్లా ఆ ఎండాకాలం పదకొండు పెండ్లిళ్లు. ప్రతి పెండ్లిలో లక్ష్మీరాజం ఏదో ఒక మలుపులో ఇంజను ఆపేవాడు, దిగి బానెట్టు ఎత్తేవాడు, తల పట్టుకునేవాడు. "అయ్యో, అయ్యో" అనడం కూడా నేర్చుకున్నాడు. డబ్బు బాగానే వచ్చింది. అడ్డాలో మాత్రం ఆయన నోరు పడిపోయింది. ఎవరి బండి ఆగినా అటు చూసేవాడే కాదు.

ఇంజను ఆగిన కారులో స్టీరింగు రాయిలా బిగుస్తుంది, బ్రేకు దిగదు. పన్నెండు మంది వెనక నుంచి తోస్తుంటే దాన్ని జనం మధ్య గీత తప్పకుండా పట్టడం ఎంత కష్టమో పట్టినవాడికే తెలుసు. రాత్రి సక్కుబాయి భుజాలకు నూనె రాస్తే గానీ చెయ్యి లేచేది కాదు. ధర్మపురిలో పదకొండో పెండ్లి అయ్యాక పెండ్లికొడుకు చిన్నాయన కిరాయి చేతిలో పెట్టాడు.

"డ్రైవర్ బత్తా సార్..." అన్నాడు లక్ష్మీరాజం.

"బత్తానా? నువ్వేం నడిపినవే? తోసింది మా పోరలు!"

చుట్టూ నవ్వారు. లక్ష్మీరాజం కూడా నవ్వబోయాడు గానీ రాలేదు. ఇరవై ఏడేళ్లలో దొంగ అన్నా అంత నొచ్చుకునేవాడు కాదు. అక్కడి నుంచి తిన్నగా బాబు మియా షెడ్డుకు వచ్చాడు.

"బాగు చెయ్యి."

"పాగల్ అయినవా? బాగైతే గిరాకీ పోతది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతది."

"ఊడనీ. నేను డ్రైవర్ని మియా."

సక్కుబాయి కూడా అడ్డం చెప్పలేదు. "చేపియ్యి. నువ్వు రెండు నెలల సంది ఇంట్ల గుడ తలకాయ ఎత్తుతలేవు" అంది.

ఎండాకాలం సంపాదనంతా ఆ ఫ్యాను కింద పోయింది. శ్రావణమాసంలో మళ్లీ పెద్దపల్లిలోనే ఓ పెండ్లి. మూడు గంటల బారాత్. జర్మనీ కారు పిల్లిలా అడుగు వెనక అడుగు వేసింది, ఒక్కసారీ వణకలేదు, ఒక్కసారీ ఆగలేదు. లక్ష్మీరాజం రెండు వేళ్లతో నడిపాడు. పోరగాళ్లు తనివితీరా ఆడారు. హాలు చేరేసరికి ముహూర్తం దాటి గంట అయింది. పెండ్లికొడుకు తండ్రి నిప్పులు కక్కాడు.

"ఆగుతదనే కదవయ్యా నీ కారు పెట్టుకున్నది! ఒక్కపారన్న ఆగిందా? గిదేం కారు?" అంటూ కిరాయిలో సగం కోసేశాడు.

"బత్తా?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఇగో, తీస్కో! అంత దూరం నువ్వే నడిపినవ్ కదా."

లక్ష్మీరాజం ఆ అయిదు వందల నోటు కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మరునాటి నుంచి ఆయన ఫోన్ మోగలేదు.