కాలువ దాటిన మందు

గ్రహణం రోజున రోకలి దానంతట అదే నిలబడుతుందని మా అత్తగారు ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి నిలబెట్టేవారు. అది నిలబడేది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. ఏ గ్రహణమూ లేని ఒక మామూలు మధ్యాహ్నం అదే రోకలిని అదే పళ్ళెంలో నిలబెట్టి ఆవిడని పిలిచి చూపించాను. ఆవిడ కాసేపు రోకలి వైపు, కాసేపు నా వైపు చూసి, "నీ మొండితనానికి జడిసి నిలబడిందే అది" అని లోపలికి వెళ్ళిపోయారు.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచర్ని. సాయంత్రానికి పిల్లలు ఇళ్ళకి పోతారు గానీ నా నోరు ఊరుకోదు కదా. రెండువేల సంవత్సరం దాటాక మా ఇంటికి కంప్యూటరూ, ఫోను తీగ మీద ఇంటర్నెట్టూ వచ్చాక ఆ నోటికి పని దొరికింది. తెలుగువాళ్ళు కబుర్లు చెప్పుకునే ఒక వెబ్‌సైటులో సందేహాలకి ఒక మూల ఉండేది. కొబ్బరికాయలోకి నీళ్ళెలా వెళ్ళాయని ఒకరు, ఫ్రిజ్ తలుపు తెరిచిపెడితే గది చల్లబడుతుందా అని ఒకరు అడిగేవారు. పాము పాలు తాగుతుందనీ, తన కళ్ళతో చూశాననీ ఒకాయన ప్రమాణం చేసేవాడు. నేను ఓపిగ్గా మొదలుపెట్టి, మూడో జవాబుకి ఓపిక పోగొట్టుకుని, అయిదో జవాబుకి దెబ్బలాటకి దిగేదాన్ని. రోకలి ఫొటో పెట్టిన వారమైతే నాకు అన్నం కూడా సయించలేదు, అంత మంది తిట్టారు.

మా ఆయన రొయ్యల చెరువులు చూసుకునేవారు. మాట తక్కువ మనిషి. కంచం ముందు కూర్చుని, "అన్నం చల్లారిపోతోంది. ప్రపంచాన్ని రేపు బాగుచేద్దువుగానిలే" అనేవారు. నేను వినీ విననట్టు టైపు చేసుకుంటూ ఉండేదాన్ని.

ఒక సాయంత్రం ఒక కొత్త మనిషి నుంచి ప్రశ్న వచ్చింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. "మేడం గారూ, కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేస్తారంట కదండి. అవి లేకుండా వేరే దారి లేదా అండి?"

అది నాకు బాగా తెలిసిన అపోహ. అపోహ అని కూడా అనకూడదు, ఒకప్పటి నిజం. ఆ పాత మందు పోయింది, ఇప్పుడు చేతికి అయిదు ఇంజెక్షన్లు వేస్తారు, మామూలు జ్వరం ఇంజెక్షను కన్నా ఎక్కువ నొప్పి ఉండదు అని రాశాను. టీచరు బుద్ధి పోదు కాబట్టి ఎదురు ప్రశ్నలు కూడా వేశాను. ఎవరిని కరిచింది, ఎప్పుడు కరిచింది, పుండు సబ్బుతో కడిగారా?

జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. కరిచింది వాళ్ళ అమ్మని. మొన్న. పిక్క మీద. వాళ్ళ ఊరు ముక్తేశ్వరం దగ్గర, గోదారికీ కాలువకీ మధ్య. ఆ పిల్ల రామచంద్రపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, నెట్ సెంటర్లో కూర్చుని రాస్తోంది. పుండు కడగలేదు, సున్నమూ పసుపూ పెట్టారు. ఆ కుక్క అదే రోజు ఒక దూడనీ రెండు మేకల్నీ కూడా కరిస్తే ఊళ్ళోవాళ్ళు కొట్టి చంపేశారట.

ఆ మాట రెండుసార్లు చదివాను. కనిపించినదాన్నల్లా కరిచిందంటే అది పిచ్చికుక్కే అయ్యుండాలి. ఆ జబ్బు బయటపడ్డాక ఇక చేసేదేమీ ఉండదు. మనిషికి దాహం వేస్తుంది, నీళ్ళు నోటి దగ్గరకి తెస్తే గొంతు బిగుసుకుపోతుంది. గుటక పడదు. అలాగే పోతారు. బయటపడక ముందు ఇంజెక్షన్లు పడితే మాత్రం బతుకుతారు. ఇంతకన్నా స్పష్టమైన సంగతి సైన్సులో నాకు మరొకటి తెలియదు. రేపు పొద్దున్నే అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకురమ్మని రాశాను.

"అమ్మ రాదండి. కాలువ దాటకూడదన్నారండి."

వాళ్ళ ఊళ్ళో కుక్క కాటుకి ఆకు మందు ఇచ్చే పెద్దాయన ఉన్నాడు. ఆ పిల్లకి పెదనాన్న వరస. డబ్బు ముట్టడు, పిలిస్తే అర్ధరాత్రయినా వస్తాడు. ఆయన మందుకి పథ్యం ఉంది. అమావాస్య వెళ్ళేదాకా నీచు తినకూడదు, పారే నీళ్ళు చూడకూడదు, ఏరు గానీ కాలువ గానీ దాటకూడదు. నీళ్ళు చూస్తే విషం తలకెక్కుతుందట. పిచ్చికుక్క కరిచినవాళ్ళు నీళ్ళకి భయపడి చచ్చిపోవడం ఎవరో ఎప్పుడో చూశారు. నీళ్ళు చూడకపోతే చావరని తేల్చుకున్నారు. మరో ఊళ్ళో అయితే ఈ పథ్యం ఎలాగో గడిచిపోతుంది. కోనసీమలో కాలువ దాటకుండా కిరాణా కొట్టుకి కూడా వెళ్ళలేము.

నేను ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మా సందేహాల మూలలో నవ్వులు మొదలయ్యాయి. "కుక్కకి ఈత వచ్చేమో కనుక్కోండి" అని ఒకడు. ఆ పక్కనే పది నవ్వు బొమ్మలు. నాకు ఒళ్ళు మండింది. "ఇక్కడ ఒక తల్లి ప్రాణం గురించి మాట్లాడుకుంటున్నాం. నవ్వు ఆపుకోలేనివాళ్ళు వీధిలోకి పోయి నవ్వుకోండి" అని రాశాను. కానీ ఆ పిల్ల నుంచి ఇక ఒక్క ముక్క రాలేదు. భయం వేసింది నాకు. ఈ నవ్వులకి సిగ్గుపడి వెళ్ళిపోతే వాళ్ళమ్మ గతి ఏమిటి? ఆ పిల్ల ఒక్కదానికే కనపడేలా మా ఇంటి ఫోను నంబరు రాసి పెట్టాను.

కాసేపటికి ఎస్టీడీ బూతు నుంచి ఫోను వచ్చింది. గొంతు చూస్తే చిన్నపిల్ల గొంతు.

"చేతికే చేస్తారని అమ్మకి చెప్పావా?"

"ఆయ్, ఇప్పుడే పక్కింటి ఫోనుకి చేసి చెప్పేనండి. మా మావయ్యకి చిన్నప్పుడు బొడ్డు చుట్టూ చేసేరండి, ఆ కేకలు అమ్మ మర్చిపోలేదు. చేతికంటే సరేనందండి. కాలువ మాత్రం దాటదంటండి. బోరింగు కూడా ఎదురుగా కొట్టనివ్వటం లేదంట."

"మరి మంచినీళ్ళు?"

"కళ్ళు మూసుకుని తాగుతోందండి" అంటూ ఏడ్చేసింది.

పొద్దున్నే నేనే వెళ్తాననీ, ఆ పెద్దాయన సంగతి తేల్చుకుంటాననీ మాటిచ్చాను. అన్నం తింటూ కూడా ఆయనకి ఏమేం చెప్పాలో పైకే అనుకుంటున్నాను. సూక్ష్మజీవి అంటే ఏమిటి, నరాల్లోంచి మెదడుకి ఎలా పాకుతుంది, కాలువకీ దానికీ ఏం సంబంధం? క్లాసులో కూడా అంత పాఠం చెప్పి ఉండను. మా ఆయన మజ్జిగ పోసుకుంటూ అంతా విని, "ఆవిడ కాలువ దాటకూడదన్నాడు. మందు దాటకూడదన్నాడా?" అన్నారు.

నేను నోరు తెరిచి, మూసేశాను. మా కాపరంలో అలా జరగడం అరుదు.

తెల్లారి స్కూలుకి సెలవు చెప్పి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు మనిషిని తీసుకొస్తేనే మంచిదన్నారు. రాదంటే విసుక్కుని, ఆ ఊరి నర్సు పేరుకి చీటీ రాసి ఇచ్చారు. "ఆలస్యం చెయ్యకండి, మందు చల్లదనం పోనివ్వకండి" అని రెండుసార్లు చెప్పారు. ఊళ్ళో నర్సుకి ఫ్రిజ్ లేదు. మా ఇంట్లో రొయ్యలు పరీక్షకి పంపే థర్మోకోల్ పెట్టె ఉంది. మా ఆయన దాన్ని సబ్బు పెట్టి తోమి, ఐసు వేసి, మందు సీసాలు పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టారు. స్కూటరు వెనక ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ దారిలో ఎన్ని వంతెనలున్నాయో నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటి ముందు ఆ పిల్ల నిలబడి ఉంది. మొదటి పంటు పడవ పట్టుకుని గోదారి దాటి వచ్చిందట. నన్ను చూసి, "మీరు చాలా పొడుగ్గా ఉంటారనుకున్నానండి" అంది. రాతలో నోరు పెద్దదిగా ఉంటే అందరూ అలాగే అనుకుంటారు.

వాళ్ళమ్మగారు అరుగు మీద మంచం వేసుకుని, కాలువ కనపడకుండా గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ప్రాణం మీదకి వచ్చినా మర్యాద పోలేదు. "ఎండన పడి వచ్చేరు, కాఫీ తాగుతారా అండి?" అన్నారు. తర్వాత ముక్కు ఎగబీల్చారు. "ఈ పెట్టెలో రొయ్యలు పెట్టేరా అండి? నాకు నీచు తగలకూడదండి."

మా ఆయన మొహం చూడాలి అప్పుడు. "తోమేనండీ, గట్టిగానే తోమేనండీ" అన్నారు.

"మందు సీసాకి మూత సీలు ఉందమ్మా, వాసన లోపలికి పోదు" అంది మా వెనకే వచ్చిన ఊరి నర్సు.

"ఏమోనండి. బావగారు ఒప్పుకోవాలండి" అన్నారావిడ.

ఆ ఆకు మందు బావగారిని పిలిపించారు. ఆయన కోసమే కదా నేను రాత్రంతా పాఠం వల్లెవేసుకుంది. తీరా చూస్తే మెత్తటి ముసలాయన. ఆవిడ మొహం వైపు చూడటానికి కూడా జంకుతున్నాడు. ఆయనకీ భయంగానే ఉందని నాకు అర్థమైంది. తన మందు మీద నమ్మకం లేక కాదు, ఆవిడ తన ఇంటి మనిషి కాబట్టి. నా పాఠం మింగేసి ఒక్కటే అడిగాను.

"మీ పథ్యంలో చేతికి సూది వేయించుకోకూడదని ఏమన్నా ఉందా అండి?"

ఆయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "మా తాతల నాడు ఈ సూదులు లేవు కదండీ. ఉన్నట్టు ఎవరూ చెప్పలేదండి."

"అయితే వేయించుకోవచ్చా అండి?"

"ఆయ్, వేయించుకోవచ్చండి" అన్నాడు. అంటూనే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పుండు కడగాలి. అమ్మగారు నీళ్ళు చూడకుండా కళ్ళు మూసుకుంటారు. సరేనా అండి?"

దానికీ సరేనన్నాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కూతురు చెంబుతో ధారగా నీళ్ళు పోస్తుంటే, సున్నమూ పసుపూ పెచ్చులు కట్టిన ఆ పిక్కని నేను సబ్బుతో కడిగాను. అంత భయంలోనూ ఆవిడ, "పెద్దవారు, నా కాలు పట్టుకున్నారేంటండి పంతులమ్మగారూ" అని బాధపడ్డారు. నేను ఇంకో చెంబు పొయ్యమన్నాను. నర్సు ఇంజెక్షను వేసింది. ఆవిడ కళ్ళు తెరిచి, "అయిపోయిందా అండి?" అన్నారు.

మిగతావాటికి మా ఆయనే పెట్టె పట్టుకుని వెళ్ళేవారు. అమావాస్య వెళ్ళింది, ఇంజెక్షన్లూ అయిపోయాయి. కానీ ఆ జబ్బు నెలల తరబడి లోపల దాక్కుని కూడా బయటపడవచ్చని ఆ పిల్ల ఎక్కడో చదివింది. ఇంజెక్షన్లు పూర్తయ్యాక ఆ భయం పెట్టుకోనక్కరలేదని నేను చెవినిల్లు కట్టుకుని చెప్పినా మనసు నిలవలేదు. రోజూ పక్కింటికి ఫోను చేసి అమ్మ నీళ్ళు తాగిందా అని అడిగేది. సెలవులకి ఇంటికొచ్చి అమ్మ వెనకే తిరిగింది. "నేను గ్లాసు ఎత్తితే చాలు, గొంతు వైపే చూస్తోందండి. పలమారుతోందండి నాకు" అని ఆవిడ నాకు ఫోను చేసి మొత్తుకున్నారు.

మా సందేహాల మూలలో ఆ పిల్ల ఉండిపోయింది. ఎవరైనా వెర్రి ప్రశ్న వేస్తే, నేను కత్తి దూసేలోపే, "మీ ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయిందా అండి?" అని రాసేది. ఆ ఒక్క ముక్కకి అవతలివాళ్ళు అసలు సంగతి చెప్పేసేవారు. నాకు అసూయగా ఉండేది, సంతోషంగానూ ఉండేది.

సెలవులయ్యాక కూతుర్ని హాస్టల్లో దింపడానికి వెళ్తున్నాననీ, మీరూ తోడు రావాలనీ ఆవిడ కబురు పెట్టారు. కుక్క కరిచాక ఆవిడ నీళ్ళు దాటడం అదే మొదలు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు, నొప్పి పుట్టేలా. గోదారి నిండుగా ఉంది. మధ్యకి వచ్చాక చెయ్యి వదిలేసి, రెయిలింగు మీద మోచేతులు ఆనించి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

"మా బావగారి చెయ్యి మంచిదండి. పథ్యం నిష్ఠగా చేసేను కాబట్టి బతికేను" అన్నారు.

నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. అయిదు ఇంజెక్షన్లు, స్కూటరు, ఐసు పెట్టె, అన్నీ వరసగా ఉన్నాయి. "ఆయ్, నిజమేనండి" అన్నాను.

"మొన్న మా వీధిలో ఒకావిడని కుక్క కరిస్తే చెప్పేనండి, బావగారి మందు తీసుకో, ముందు మాత్రం ఆసుపత్రికి పోయి సూది వేయించుకో అని. బావగారూ అదే చెబుతున్నారండి అందరికీ." అంటూ కూతురి సంచిలోంచి నీళ్ళ సీసా లాగి, మూత తీసి, గడగడా తాగడం మొదలుపెట్టారు.

నేను ఆ పిల్ల వైపు చూశాను. అమ్మ గొంతు వైపు చూస్తుందనుకున్నాను. చూడటం లేదు. మునివేళ్ళ మీద లేచి, ఎదుటి కోటిపల్లి ఒడ్డున రామచంద్రపురం బస్సు ఉందో వెళ్ళిపోయిందోనని చూస్తోంది.