మాస్టారు చుట్ట మీదున్నారు

రావులపాలెంలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్క సీట్లో పెద్దాయన పంచె మడతలోంచి చుట్ట తీశాడు. వెలిగించలేదు. బస్సులో కాల్చకూడదని ఆయనకీ తెలుసు. ఊరికే పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెలిగించని లంక పొగాకు వాసన వెలిగించిన దానికంటే లోతుగా పోతుంది. ఎండిన బురద, పాత బెల్లం, వాటి వెనక ముక్కులో గుచ్చుకునే ఘాటు. మామూలుగా బస్సులో ఎవరైనా అగ్గిపెట్టె తీస్తే కండక్టరు కంటే ముందు నేనే లేస్తాను. ఆ రోజు మాత్రం అమలాపురం వచ్చేదాకా నోరు మెదపలేదు. ఆ వాసన నిండా మా విశ్వపతి మాస్టారే ఉన్నారు.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. పేరు విన్నవాళ్ళు కూడా తక్కువే. కొత్తపేటలో మా ఎదురిల్లు వాళ్ళది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వారపత్రికల్లో కథలు రాసేవారు. వాటిలో కొన్ని పుస్తకంగా వచ్చాయి, ఆ పుస్తకం ఇప్పుడెక్కడా దొరకదు. తొంభైల మొదట్లో, నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నప్పుడు, నా మొదటి కథ పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. పొగడ్తలు వినడానికి ముస్తాబై మరీ వెళ్ళాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "బావుందమ్మా. కానీ ఇందులో అందరూ నీలాగే మాట్టాడుతున్నారు. ఆ పాలమ్మే ముసలమ్మ కూడా నీలాగే లా పాయింట్లు తీస్తోంది. కాస్సేపు నువ్వూరుకుని ఆవిణ్ణి మాట్టాడనీ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. చాలా రోజులు వాళ్ళింటి వైపు చూడలేదు. కోపం తగ్గాక ఆ కథ తిరగరాశాను. ఈ రోజు నా పాత్రలకి సొంత నోళ్ళు ఉన్నాయంటే, ఆ సాయంత్రం ఆయన నా నోరు మూయించడం వల్లనే.

చుట్ట లేనిదే తనకి వాక్యం రాదని ఆయన అనేవారు. గోదావరి లంకల్లో, వరద తీశాక మిగిలిన ఒండ్రులో పండే పొగాకు తప్ప మరొకటి ముట్టేవారు కాదు. పొద్దున్నే ఆకు మీద నీళ్ళు చిలకరించి, ఈనె తీసి, బిగించి చుట్టి, దారం కట్టి, వీధి గదిలో కిటికీ దగ్గర కూర్చునేవారు. కిటికీలోంచి పొగ బయటికి వచ్చిందంటే వీధి మొత్తానికి అర్థమైపోయేది. "మాస్టారు చుట్ట మీదున్నారు" అని ఒకరికొకరు చెప్పుకుని, అరుగు దాకా వచ్చినవాళ్ళు కూడా వెనక్కి మళ్ళేవారు. కరెంటు బిల్లు రాసే ఆయన సైతం మీటరు చూసుకుని చప్పుడు చేయకుండా పోయేవాడు. పొగ ఆగిందా, అరుగు నిండిపోయేది. మా వైపు మర్యాద ఎలాంటిదో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్ళని కూర్చోమనడానికి మాకు వంద మాటలున్నాయి, వెళ్ళమనడానికి ఒక్కటీ లేదు. 'వస్తానండీ' అని లేచిన మనిషి గుమ్మం దగ్గర నిలబడి, అరటిగెలల ధర దగ్గర్నుంచి అల్లుడి బదిలీ దాకా మాట్లాడితేగాని అది వీడ్కోలు కాదు.

అమలాపురంలో రచయితలు నెలకోసారి కలిసేవారు. మాస్టారు నన్నూ వెంటబెట్టుకెళ్ళేవారు. అక్కడ కథల మీద కంటే కథకుల అలవాట్ల మీదే చర్చ ఎక్కువ. ఒకాయనకి రెండు పెగ్గులు పడితేగాని పాత్రలు పలకవట. మరొకాయనకి బుగ్గన జర్దా కిళ్ళీ ఉండాలట. ఇంకొకాయన ఆకుపచ్చ సిరా లేకపోతే ఉత్తరం ముక్క కూడా రాయలేరట. ఇవన్నీ జబ్బులు చెప్పుకున్నట్టు కాదు, బిరుదులు చెప్పుకున్నట్టు చెప్పేవారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. తాగితే రాయగలిగేట్టయితే బ్రాందీ షాపు ముందు ఎంతమంది మహాకవులు పడి ఉండాలో లెక్క చెప్పమన్నాను. సభలో ఎవరికీ నవ్వు రాలేదు. తిరుగు బస్సులో మాస్టారి మీద పడ్డాను. పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, పెట్టే పనసపొట్టు కూర ఆ సభలో ఏ కథకీ తీసిపోదు కదా, మరి ఆవిడకేం అలవాటుందని నిలదీశాను.

"నన్ను విసుక్కునే అలవాటుందమ్మా. అది లేకపోతే ఆవిడకి పోపు వేగదు."

ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. వాదన తేలలేదు కదా. దిగేముందు ఆయనే అన్నారు, వాదనలో నువ్వే గెలుస్తావు, కానీ రేపు పొద్దున్న తెల్ల కాగితం ముందు కూర్చునేది నేను కదమ్మా అని.

రిటైరయ్యాక ఆయన ఒక నవల మొదలుపెట్టారు. ఆయన పుట్టింది కపిలేశ్వరపురం అవతల ఒక లంకలో. ఏటా వరదకి ఒడ్డు కోసుకుపోయి, చివరికి ఆ ఊరే నదిలో కలిసిపోయింది. ఇళ్ళు కూలకముందే జనం తలుపులూ దూలాలూ ఊడదీసి పడవల్లో వేసుకుని తలో దిక్కూ వెళ్ళిపోయారట. ఆ ఊరు ఎరిగినవాళ్ళలో ఆయన కాక మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో ఆయనకే తెలియదు. "నేను రాయకపోతే అది రెండోసారి ములిగిపోద్దమ్మా" అనేవారు. ఆ పొగాకు ఆ మట్టిదేననీ, ఆ పొగ పీలిస్తేనే ఆ ఊరి మనుషులు వచ్చి తనతో మాట్లాడతారనీ ఆయన నమ్మకం. ఆ ఒక్క విషయంలో నేను ఎక్కువ వాదించేదాన్ని కాదు.

నవల సగంలో ఉండగా గొంతులో పుండు లేచింది. అప్పటికి నాకు పెళ్ళయి, అమలాపురంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా ఉన్నాను. కాకినాడ డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు, చుట్ట మానితే మందు పని చేస్తుంది, మానకపోతే నా దగ్గరికి రావద్దు అని. ఆయన మానేశారు. ఆ రోజు నుంచే రాత కూడా ఆగిపోయింది. ఫోన్ చేసి, "చూసేవా, నీ వాదన వీగిపోయింది" అన్నారు. బొంగురు గొంతు. గెలిచిన మనిషి గొంతులా లేదు.

ఆ వేసవి సెలవులకి పుట్టింటికి వెళ్ళి, ఒక పొద్దున్న వాళ్ళ వీధి గదిలో కూర్చున్నాను. మాస్టారు పెన్ను మూత తీసి కాగితం మీదకి వంగారు. వెనక వీధి ఆయన ఒకరు వచ్చి, తాను ముక్కుపొడుం ఎలా మానగలిగాడో మొదటినుంచీ చెప్పారు. మాస్టారు మూత పెట్టారు. ఆయన వెళ్ళాక మూత తీశారు. గుడి పూజారిగారు ప్రసాదం పట్టుకొచ్చి, నోరు చేదుగా ఉంటే లవంగం పెట్టుకోమన్నారు. ఆ తర్వాత పాత శిష్యుడొకడు వచ్చాడు, తర్వాత వాడి మావగారు. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే. చుట్ట మానేసి మాస్టారు ఎంత అవస్థ పడుతున్నారో అన్న జాలితో, ఆయన్ని ఒంటరిగా వదలకూడదని వంతులు వేసుకున్నట్టు వచ్చేవారు. పిన్నిగారు కాఫీలు కలుపుతూనే ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలవేళకి కాగితం మీద పొద్దుటి సగం వాక్యమే ఉంది.

"మాస్టారూ, మీకు రాత ఆగింది పొగాకు లేక కాదండీ. కిటికీలోంచి పొగ రాక. మీకు కావలసింది తలుపు."

ఆయన తల తిప్పి కిటికీ వైపు చూశారు. ఆ సంగతి ఆయనకి అప్పటిదాకా తట్టలేదని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి, "వచ్చినవాళ్ళ మొహం మీద తలుపేస్తామా?" అన్నారు.

"మీరెయ్యకండి. నేనేస్తాను. నాకెలాగూ మంచిపేరు లేదు."

మర్నాటి నుంచి వాళ్ళ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాస్టారు రాసుకుంటున్నారండీ, సాయంత్రం రండి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. కొందరు ఆయ్ అని మళ్ళిపోయారు. కొందరు తిన్నగా మా అమ్మ దగ్గరికెళ్ళి, మీ అమ్మాయికి చదువెక్కువైందని చెప్పారు. మొదట్లో నా వెనక గదిలో చప్పుడే లేదు. తర్వాత కాగితం తిప్పడం వినిపించింది. ఆ వేసవిలో ఆయన రాసిన అధ్యాయం ఒకటుంది. ఊరంతా తలుపులు ఊడదీసుకుంటుంటే, ఒక ముసలావిడ తన ఇంటి గడప పెకలించనివ్వదు. చివరికి గడపతో సహా ఆవిణ్ణి పడవలో కూర్చోబెడతారు. నది మధ్యలో ఆవిడ, ఎవరో ఇంట్లోకి వస్తున్నట్టు, ఆ గడప మీంచి పక్కకి జరిగి దారిస్తుంది. అది చదివి నేను అరుగు మీద కూర్చుని చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. నన్నెరిగినవాళ్ళకి ఆ మాట బరువు తెలుస్తుంది. మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడి, "పొగ లేకుండానే వచ్చేరమ్మా వాళ్ళు" అన్నారు, ఎవరింటికో పిలవకుండా వెళ్తే అన్నం పెట్టినంత ఆశ్చర్యంగా.

అలా సాగుతుండగా ఒక రోజు పేర్రాజుగారు వచ్చారు. కొబ్బరి వ్యాపారి. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం కాదుగాని, మాస్టారు రాసిన ప్రతి కథా అచ్చుకి వెళ్ళకముందు చదివి వినిపించేది ఆయనకే. మండపేట దగ్గర కూతురింట్లో ఉండి అప్పుడే తిరిగొచ్చారు, మా కొత్త పద్ధతి ఆయనకి తెలియదు. అందరికీ చెప్పినట్టే ఆయనకీ చెప్పాను. "ఆయ్, అలాగేనండీ" అన్నారు. భుజం మీద తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మాస్టారికి సంగతి తెలిసి, కండువా వేసుకుని వాళ్ళింటికి వెళ్ళారు. తిరిగి వచ్చి, నా పక్కనే అరుగు మీద కూర్చున్నారు. రేపట్నుంచి ఇక్కడ కూర్చోవద్దమ్మా అన్నారు. నాకు తిక్కరేగింది. పుస్తకం కావాలా, పేర్రాజుగారి మర్యాద కావాలా అని అడిగాను. ఉన్న ఆరోగ్యం ఎన్నాళ్ళుంటుందో తెలియకుండా రోజులన్నీ కాఫీలకి పోస్తారా అని కూడా అడిగాను. ఆయన నా మీద విసుక్కోలేదు.

"నా గుమ్మంలోంచి ఆయన వెనక్కెళ్ళాడంటే, ఆ పుస్తకం రాసేక ఎవరికి వినిపించనమ్మా?"

పేర్రాజుగారిని మాత్రం వేరేగా కూర్చోబెట్టి, మిగతావాళ్ళని ఆపవచ్చు కదా అన్నాను. మనిషికో కొలత పెట్టడం తనకి చేతకాదన్నారు. సెలవులు అయిపోయి నేను అమలాపురం వెళ్ళిపోయాను. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. ఆయన చేసింది తప్పని మాత్రం ఇదివరకంత గట్టిగా అనలేను.

దసరాకి వచ్చేసరికి కిటికీలోంచి పొగ వస్తోంది. వీధి మొగలోనే ఒకాయన ఎదురొచ్చి, మాస్టారు మళ్ళీ చుట్ట మీదున్నారండీ, మళ్ళీ రాస్తున్నారు అని సంబరంగా చెప్పాడు. వీధి వీధంతా సంతోషంగా ఉంది. ఎవరూ అరుగు ఎక్కడం లేదు, గొంతులు తగ్గించుకుని నడుస్తున్నారు. పేర్రాజుగారు సాయంత్రాలు వస్తున్నారట, ఇద్దరూ రాజీ అయిపోయారట. పెరట్లో పిన్నిగారు కొబ్బరి కోరుతున్నారు. మీరెలా ఊరుకున్నారండీ అని ఆవిడ మీదకి వెళ్ళాను. ఆవిడ కోరడం ఆపలేదు.

"పొగుంటే ఎవరికీ వెళ్ళమని చెప్పక్కర్లేదమ్మా. ఆయనకి చచ్చిపోడం వచ్చుగానీ, ఆ మాటనడం రాదు."

ఆ ఏడాదిలోనే పుండు తిరగబెట్టింది. చివరి రోజుల్లో గొంతు పోయింది, దగ్గరికి చెవి పెట్టి వినాలి. కిటికీ దగ్గర మంచం వేశారు. నేను వెళ్ళేసరికి గది నిండా జనం. అంతమందిలో నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచారు. నవల గురించి చెబుతారనుకున్నాను. కాదు, నువ్వేం రాస్తున్నావని అడిగారు. తీరిక దొరకట్లేదు మాస్టారూ అన్నాను. కాలేజీ, పిల్లలు, అత్తవారి తరఫు చుట్టాలు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు అని ఏవేవో చెప్పాను. ఆయన పెదవులు నా చెవి దగ్గరికి వచ్చాయి.

"నీకు నోరుంది కదా. నా కోసం వాడేవు. నీ కోసం ఎందుక్కాదు?"

ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. చివరి అధ్యాయాలు రాయకుండానే ఆయన వెళ్ళిపోయారు. పత్రికలవాళ్ళు ముగింపు లేని నవల వేసుకోలేమన్నారు. నన్ను పూర్తి చేయమన్న మహానుభావులూ ఉన్నారు. నేను చూడని ఊరికి నేనేం ముగింపు రాస్తాను?

కార్యక్రమాలన్నీ అయ్యాక పేర్రాజుగారు కబురు పెట్టారు. ఆయనకి చదవడం రాదని నాకు అప్పుడే తెలిసింది. మాస్టారు చదివి వినిపించడం స్నేహం కొద్దీ అనుకున్నాను ఇన్నేళ్ళూ. రాసినంతవరకూ చదివి వినిపిస్తారా అమ్మా అని అడిగారు. కొబ్బరికాయల రాశుల మధ్య బల్ల మీద కూర్చుని చాలా సాయంత్రాలు చదివాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా కదలలేదు. చివరి కాగితంలో ఒక పడవ ఒడ్డు వదిలింది, అక్కడితో రాత ఆగింది. నేను కాగితాలు సర్దుతున్నాను.

"తరవాతేవయిందండీ?" అన్నారు పేర్రాజుగారు.

ఇంతేనండీ, ఇక్కడిదాకానే రాశారన్నాను. ఆయన తల ఊపారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. కాస్త ఆగి, తనలో తను అనుకుంటున్నట్టు మళ్ళీ అదే మాట అన్నారు.

ఇప్పుడు నేను పొద్దున్నపూట తలుపు వేసుకుని రాస్తాను. చుట్ట లేదు, ఆకుపచ్చ సిరా లేదు, కాఫీ కూడా తర్వాతే. ఎవరొచ్చినా, రాసుకుంటున్నానండీ, తర్వాత రండి అని లోపల్నుంచే చెబుతాను. మా ఆడపడుచు నా గురించి ఊరంతా ఏమని చెప్పుకుంటుందో నాకు తెలుసు. తలుపు ఉంటే చాలు, రాత దానంతటదే వస్తుందని ఒకప్పుడు వాదించాను. రాదు. వాక్యం ఆగిపోయిన పొద్దుల్లో, మూసిన తలుపు అవతల ఒక ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని, నాకు కోపం వస్తుందేమోనని మెల్లిగా, తరవాతేవయిందండీ అని అడుగుతుంటాడు. ఆయన్ని మాత్రం నేను వెళ్ళమనను.