రేకుల మీద పెళ్లి పందిరి

నిన్న మా అబ్బాయి ఖమ్మంలో తన ఇంటి డాబా మీద తెల్ల రంగు వేయించాడు. ఎండను వెనక్కి కొట్టే రంగట, అది వేస్తే గదులు కాగవట, ఏసీని సగం సేపు ఆపేసుకోవచ్చట. సాయంత్రం స్టూలెక్కి, కప్పుకు లోపలి నుంచి అరచెయ్యి ఆనించి, “అమ్మా, నిజంగనే చల్లబడ్డది” అని జుట్టు నెరిసిన మనిషి చిన్నపిల్లాడిలా సంబరపడుతుంటే నేను మాత్రం అక్కడి నుంచి లేచి వెళ్లిపోయాను. ఇంటి కప్పు, ఎండ అనే మాటలు కలిపి వింటే ఇన్నేళ్లయినా నేను అంతే.

వీడు పుట్టినప్పుడు మేము ఏన్కూరు అవతల అడవి అంచున, ఊరికి ఎడంగా మిరప చేల మధ్య ఉండేవాళ్లం. నాకు తల్లి లేకపోవడంతో పురుడు అత్తవారింట్లోనే పోశారు. ఆ వేసవిలోనే మా ఆడపడుచు పెళ్లి కుదిరింది. మగపెళ్లివారు వచ్చి తాటాకు ఇల్లు చూస్తే ఏమనుకుంటారోనని మా అత్తగారికి ఒకటే బెంగ. అప్పట్లో సిమెంటు రేకులంటే ఎంత గొప్పో మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. తాటాకు దింపేసి రేకులు బిగించారు, దింపిన ఆకంతా పెళ్లి వంటల పొయ్యిల్లోకి పోయింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

పెళ్లయ్యాక రోహిణి కార్తె వచ్చింది. పదహారు రోజుల పండగ దాకా ఉండటానికి మా ఆడపడుచు అత్తవారింటి నుంచి తిరిగి వచ్చి ఉంది. ఆ మధ్యాహ్నం గాడ్పుకు తీగ తెగి కరెంటు పోయింది. రేకులు పెనంలా కాలి, గదిలో గోడలు ముట్టుకుంటే చుర్రుమంటున్నాయి. పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడుపు కూడా మానేశాడు. రొమ్ము నోట్లో పెడితే పట్టడం లేదు. ఒళ్లు కాలిపోతోంది. వాకిట్లో పెళ్లి పందిరి కింద పడుకోబెడదామని తీసుకెళ్తే వడగాడ్పు వాడి మొహాన కొట్టింది, మళ్లీ లోపలికే పరుగెత్తాను. దవాఖానాకు తీసుకెళ్లాలంటే బండి లేదు, మా ఆయన జీపు కోసం ఏన్కూరు వెళ్లి ఇంకా రాలేదు. తడిగుడ్డ వేసిన కాసేపటికే ఎండిపోతోంది. నా బిడ్డ నా చేతుల్లోనే పోతున్నాడని నాకు అర్థమైంది.

అప్పుడు మా ఆడపడుచు రేకుల వైపు చూసింది, పందిరి వైపు చూసింది. పందిరి నిండా తాటాకు, దాని మీద నేరేడు మండలు. పదహారు రోజుల పండగ కాకముందే పెళ్లి పందిరి మీద చెయ్యి వేయకూడదని మనందరికీ తెలుసు, వేస్తే ఆ పెళ్లికూతురికే కీడు అంటారు. మా అత్తగారు రాటకు అడ్డంగా నిలబడి, “ఏందే ఈ పని? నీ బతుకు నువ్వే కాలదన్నుకుంటవా?” అని గుండెలు బాదుకుంది.

“పందిరి నాదే గదనే అమ్మా! పిల్లగాడు పోతుండు, జరుగు” అని, గోరింటాకు ఎరుపు పోని చేతులతో తనే నిచ్చెనెక్కి ఆకు లాగేసింది. నేను వాకిట్లో పడిన ఆకును పోగుచేసి అందిస్తుంటే తను రేకుల మీద దట్టంగా పరిచింది. మా జీతగాడు బావి నీళ్లు తోడి ఆకు మీద పోస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి గదిలో వేడి తగ్గింది. ఆమె దిగివచ్చి, బొబ్బలెక్కిన చేతిని వాడి నుదుటి మీద పెట్టి, “సల్లగైండు వదినా” అంది. వాడు పాలు పట్టాడు. అప్పుడు ఏడ్చాను నేను.

పండగకు వచ్చిన ఆమె అత్తవారు ఒట్టి రాటలు చూసి భోజనం కూడా చేయకుండా పిల్లను తీసుకెళ్లారు. పందిరి పీకిన ఇల్లు అచ్చిరాదని తొలి కాన్పుకు పుట్టింటికి పంపలేదు. అక్కడేం జరిగిందో మాకు ఎవరూ సరిగా చెప్పలేదు, బిడ్డ దక్కలేదని మాత్రం కబురొచ్చింది. ఆ తర్వాత ఆమెకు మళ్లీ పిల్లలు కలగలేదు. పందిరి వల్లే అని వాళ్లన్నారు. నేను అది నమ్మను. కానీ ఎండాకాలం వచ్చిందంటే నమ్మకపోవడం కూడా నా వల్ల కాదు.

ఇప్పుడు కాలం మారింది, కప్పుకు ఒక పూత పూస్తే ఇల్లు చల్లబడుతోంది, ఎవరి పందిరీ పీకనక్కర్లేదు. ఈ మాట అప్పుడే ఎవరైనా మాకు చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. ఈ ఉదయం మా ఆడపడుచు బస్సు దిగి వచ్చింది. కొత్త రంగు సంగతి మా వాడు ఉత్సాహంగా చెబుతుంటే ఆమె కప్పు వైపు తలెత్తి కూడా చూడలేదు. ఎప్పుడొచ్చినా చేసినట్టే వాడి తలను కిందికి వంచి, నుదుటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచి, నా వైపు తిరిగి, “సల్లగనే ఉన్నడు వదినా” అంది.