గ్రేసీ నీళ్ళ విమానం

గ్రేసీ తన విమానానికి చక్రాలు పెట్టకపోవడానికి కారణం ఒక్కటే: దిగడానికి ఊళ్ళో నేల లేదు. పులికాట్ ఒడ్డున వాళ్ళ పల్లెకు మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు ముళ్ళ కంపలు. రిమోట్‌తో ఎగరేసిన మొదటి విమానం కంపల్లో పడి చిరిగింది. రెండోది పక్కింటి వసంతమ్మ ఆరబోసుకున్న రొయ్యల మీద దిగింది. వసంతమ్మ నోట్లో పడితే ఎవరూ బాగుపడరు. ఆ సాయంత్రం గ్రేసీ తాతముత్తాతలకు కూడా చీవాట్లు తప్పలేదు. ఇక లాభం లేదని, నీళ్ళ మీద లేచి నీళ్ళ మీదే దిగే విమానం చేయాలనుకుంది.

ఆమెది శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగం. బెల్టు మీద వచ్చే భాగాల్లో వంకర ఉన్నవి ఏరి పక్కన పెట్టాలి. విమానాల చదువంతా కంపెనీ బస్సులో, ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే. ముప్ఫై ఏళ్ళు దగ్గరపడుతున్న కూతురు సెలవు రోజున చేపల పెట్టెల థర్మకోల్ కోసి రెక్కలు చేస్తుంటే, తల్లి సంతోషమ్మ ఆ రిమోట్‌కే ఇచ్చి పెళ్ళి చేసేస్తానని ఊరందరితో చెప్పుకునేది. గ్రేసీ ఏమాత్రం పట్టించుకోలేదు. రెక్కలకు వెదురు బద్ద వెన్ను వేసింది, పైన టేపు చుట్టింది, మోటారు బిగించింది. ఇక మిగిలింది చక్రాల చోట రెండు బుల్లి పడవలు. వాటికి మాత్రం నాయన దగ్గరికి వెళ్ళింది.

నాయన రాజారత్నం చెక్క పడవలు చేసేవాడు. ఫైబర్ పడవలు వచ్చాక ఆయన్ను అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఉలి, బాడిశ, చిత్రిక, పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టేసి, అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో పోయే ప్రతి పడవకూ వంకలు పెట్టేవాడు. తర్వాత అదీ మానేశాడు. మనిషి నోరు మూసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని అంటారు గానీ, ఆ ఇంట్లో అందరికీ భయం వేసింది.

కూతురు గీసిన బొమ్మ చూసి ఆయన ఆ పూటే సంచి విప్పాడు. తేలిక చెక్కను లోపల తొలిచాడు, అడుగు మాత్రం అలవాటు చొప్పున మందంగా వదిలాడు. ముక్కు నుంచి తోక దాకా నున్నగా చిత్రిక పట్టాడు. పడవ అడుగున అరచెయ్యి నడిపిస్తే ఎక్కడా ఏదీ తగలకూడదన్నది ఆయన పట్టుదల. ఆ వారమంతా అన్నం అడిగి మరీ తిన్నాడు. సంతోషమ్మ రిమోట్ పెళ్ళి మాట ఎత్తలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, సరస్సు పక్షులు బెదరకుండా, అవి రాని ఇవతలి కాలువలో విమానం వదిలారు. బ్రహ్మాండంగా పరిగెత్తింది. ఎంతసేపు పరిగెత్తినా నీళ్ళు వదిలి జానెడైనా పైకి లేవలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు పడవ బాగుందని మెచ్చుకుని ఇళ్ళకు పోయారు. గ్రేసీ మోటారు చాలలేదంది. పెద్ద మోటారు వేసింది, పెద్ద ఫ్యాను పెట్టింది. తర్వాతి ఆదివారం ఇంకా వేగంగా పరిగెత్తింది, అంతే.

సోమవారం బస్సులో అసలు సంగతి తెలిసింది. నీటి విమానం పడవకు అడుగున, నడిమికి కాస్త వెనక, చిన్న మెట్టు ఉండాలి. అక్కడ నీళ్ళు తెగిపోతాయి, విమానం లేస్తుంది. నున్నటి అడుగును మాత్రం నీళ్ళు గట్టిగా పట్టుకుని వదలవు. పుట్టినప్పటి నుంచి పడవలే చూసిన పిల్ల కాబట్టి బొమ్మలో మెట్టు గీయాలని ఆమెకే తోచలేదు. పడవలు తప్ప చేయని మనిషి కాబట్టి ఆయనకూ అడగాలనిపించలేదు. తప్పు ఇద్దరిదీ. కానీ ఇన్నాళ్ళకు సంచి విప్పిన మనిషితో అడుగు బాగాలేదని ఏ నోటితో చెప్పడం? చెబితే ఆయన మళ్ళీ అరుగెక్కుతాడని ఆమె భయం. అందుకే ఆ వారమంతా బ్యాటరీని తిట్టింది.

శనివారం రాజారత్నం విమానాన్ని ఒళ్ళో బోర్లించుకుని కూర్చున్నాడు.

“పాపా, మోటారు, బ్యాటరీ అంటాండావు, నీ కండ్లు మాత్రం ఈ అడుగు మీదనే ఉండాయి. ఏమైందో చెప్పు.”

గ్రేసీ మళ్ళీ బ్యాటరీ మాట ఎత్తబోయి, ఆయన మొహం చూసి మానుకుంది. తర్వాత అంతా చెప్పేసింది, మెట్టుతో సహా.

ఆయన విమానాన్ని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. “నా పడవ కారతా ఉంటే జనం ఇంటి ముందరికొచ్చి తిట్టినారు. వంకర పోతా ఉంటే మొగాన్నే అన్నారు. నా పనిలో తప్పుంటే దాచిపెట్టింది నువ్వొక్కదానివే. అంత పనికిరానోడినైపోయినానా?”

గ్రేసీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన్ను కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. పనివాళ్ళ లెక్కలోంచి తీసేస్తున్నానని ఇప్పుడు తెలిసి, తన మీద తనకే అసహ్యం వేసింది. మెట్టు ఎక్కడ రావాలో పెన్సిలుతో గీత గీసి ఇచ్చింది. రాజారత్నం ఆ గీత దగ్గర ఉలి ఆనించి, రెండు పడవలకూ వెనక భాగమంతా ఒక పొర లేపేశాడు. జీవితంలో మొదటిసారి పడవ అడుగున గాటు పెడుతున్నా, గీత మాత్రం దాటలేదు.

ఆదివారం విమానం కాలువ మీద కాసేపు పరిగెత్తి, ఉన్నట్టుండి నీళ్ళు వదిలేసింది. తాటిచెట్లంత ఎత్తున రెండు చుట్లు తిరిగి మళ్ళీ నీళ్ళ మీద దిగింది. వసంతమ్మ కూడా చప్పట్లు కొట్టింది. రాజారత్నం కూతురి వైపు చూశాడు. గ్రేసీ రిమోట్ కింద పెట్టింది.

“నాయనా, ఎడమ పక్క పడవ బరువు. లేచేటప్పుడు అటే లాగుతా ఉండాది. నువ్వు సరిగ్గా తొలవలేదు.”

“ఏదీ, సూస్తాను,” అంటూ ఆయన పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు.