ఒక్కడికి సరిపడే పడవ

మా బావకు కుడి చెయ్యి పడిపోయాక నేను చేపలకు పోవడం మానేశాను. త్యాగమేమీ కాదు. నందిపేట్ అవతల గోదావరి బ్యాక్ వాటర్‌లో మేమిద్దరం పుట్టి వేసుకుని తిరిగేవాళ్లం. పుట్టి అంటే గుండ్రటి బుట్టలాంటి పడవ. ఒకడు తెడ్డు వేస్తుంటే ఇంకొకడు గాలం చూసుకోవాలి. తెడ్డు ఎప్పుడూ బావదే. నేనొక్కణ్ణే వేస్తే పుట్టి ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. ఉన్నచోట తిరగడానికి నీళ్లదాకా పోవడం ఎందుకని, బోధన్‌లో నా మోటారు వైండింగ్ దుకాణాన్ని ఆదివారాలు కూడా తెరవడం మొదలుపెట్టాను.

బావకు అది నచ్చలేదు. పక్షవాతం వచ్చింది చేతికే గాని నోటికి కాదు. ఒకనాడు ఆటో దిగి దుకాణంలోకి వచ్చి, రాగితీగ చుట్టుకుంటున్న నా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నా పేరు మీద నువ్వెందుకు ఉపాసముంటున్నవ్‌రా బామ్మర్ది? ఒక్కడు మోసుకపోయే అల్కటి పడవ సూడు. నేనొస్త. ఎట్లుండాల్నో నేను జెప్త."

మా అక్క నన్ను పక్కకు పిలిచి ఒక్కటే చెప్పింది. "కొనుర్రి, కొనకపోన్రి. మీ బావ మాత్రం నీళ్లల్ల దిగొద్దు. పడ్డడంటే ఒక్క చెయ్యితోని ఈదలేడు." డాక్టరు కూడా అదే అన్నాడు గాని, డాక్టరు మాటకు మా ఇంట్లో అంత విలువ లేదు.

మేము చూసిన మొదటి పడవ పడవే కాదు. బావ పెళ్లికి ముందు బెల్లం గానుగ దగ్గర పనిచేశాడు. బెల్లం వండే పెనంతో కాని పని లోకంలో లేదని ఆయన నమ్మకం. కాలువ కింద పొలమున్న ఆంధ్ర రైతు ఒకాయన గానుగ ఆపేసి, పెనాన్ని షెడ్డు వెనక బోర్లించి పెట్టాడు. బావ దాని చుట్టూ ఓసారి తిరిగి, ఎడమ చేత్తో కొట్టి చూసి, "గిది మునుగది" అని తేల్చాడు.

"మునగదండీ. మోయాలి కదండీ మరి," అన్నాడు రైతు మర్యాదగా.

తేలికపాటి పడవ కోసం బయల్దేరిన మేము, దాన్ని పక్కనున్న కుంటదాకా చేర్చడానికి నలుగురు మనుషులను పిలిచాము. పెనం నిజంగానే మునగలేదు. నన్ను కూర్చోబెట్టుకుని పుట్టికంటే బాగా తిరిగింది. ఎండ ఎక్కేసరికి ఇనుము తన పని తాను మొదలుపెట్టింది. నేను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, తర్వాత గొంతుక్కూర్చున్నాను, తర్వాత నీళ్లలో దూకాను. ఒడ్డు మీద బావ పాకం చూసేవాడిలా నిలబడి, "జరంత నీళ్లు జల్లుకోవల్సుండె" అన్నాడు. రైతు పెనాన్ని వాపసు తీసుకుని మాకు మజ్జిగ ఇచ్చి పంపాడు.

తర్వాతి ఆదివారం నందిపేట్ వైపు పోయాము. అక్కడ చేపలు పట్టేవాళ్లు థర్మాకోల్ దిమ్మెలను ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, తాళ్లతో బిగించి తెప్పలు చేసుకుంటారు. చంకలో పెట్టుకుని పోవచ్చు. ఇంతకంటే అల్కటిది ఉండదన్నాను.

"గాలి మర్లిందంటే మహారాష్ట్రల తేల్తవ్. మరాఠీ వస్తదా నీకు?"

ఉల్లిగడ్డలు కొనేంత వస్తుందన్నాను. అది చాలదన్నాడు.

నిజామాబాద్‌లో ఒక దుకాణంలో గాలి కొట్టుకునే రబ్బరు పడవ దొరికింది. మడత పెడితే బండి మీద ముందు పెట్టుకుని పోవచ్చు. నాకు బాగా నచ్చింది. జెల్ల చేప రెక్కకు ముల్లు ఎంత పొడుగుంటుందో, అది రబ్బరులో దిగితే ఏమవుతుందో బావ దుకాణం అతనికి వివరంగా చెప్పాడు. చేపలకు ముళ్లు లోపలే ఉంటాయని అతను అప్పటిదాకా అనుకున్నాడట. ఇక ఆ పడవను ఎవరికీ అమ్మబుద్ధి కానట్టు ముఖం పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. బస్టాండు పక్కన చాయ్ హోటల్‌లో కూర్చున్నాక అడిగేశాను.

"ఏది జూసినా వంక వెడ్తవ్. అసలు నీకేది నచ్చుతది బావా?"

ఆయన చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. ఎడమ చేతికి ఇంకా అలవాటు కాలేదు, సగం బల్ల మీద పోయింది. మిగిలింది తాగి, సాసర్ కింద పెట్టాడు.

"నాకు గూడ జాగ ఉన్నది నచ్చుతది. తెడ్డెయ్యరా. గాలం ముట్ట. ఊకె కూసుంట."

ఆయన రోగం వచ్చాక కూడా తనకోసం నన్ను ఏదీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే. పెద్ద పడవను నేనొక్కణ్ణే మోయలేను, అది వేరే సంగతి. నీళ్ల నడుమ అది ఒరిగితే ఆయన్ను నేను పట్టుకోగలనా? పట్టుకోలేను. నా ఈత నాకు తెలుసు.

"వద్దు బావా," అన్నాను. వింటే ఆయనకెలా అనిపించిందో నేను చూడలేదు, బల్ల తుడుస్తూ కూర్చున్నాను.

"బిస్కెట్ తింటవా?" అన్నాడు.

ఆ తర్వాత పడవల మాట ఇద్దరమూ ఎత్తలేదు. నేను ఆదివారాలు మళ్లీ దుకాణం తెరిచాను. చివరికి ఆయనే ఫోన్ చేశాడు. "పోచంపాడ్ల ఒకతను ఫైబర్ పడవలు జేస్తుండంట. ఒక్క మనిషికే. పోదాం పా."

పోయి చూస్తే పడవ సన్నగా, మనిషికంటే కొంచెం పొడుగ్గా ఉంది. తలమీద పెట్టుకుని ఆవరణంతా నడిచి చూశాను. బావ దాని అడుగంతా ఎడమ చేత్తో తడిమాడు. అంచులు వేలితో కొట్టాడు. వంక కోసం నేను కాచుకుని ఉన్నాను. నిజం చెప్పాలంటే, ఏదైనా వంక పెడితే బాగుండునని ఉంది.

"మంచిగున్నది," అన్నాడు.

నందిపేట్ ఒడ్డున నీళ్లలోకి దించినప్పుడు, నేను ఎక్కి తెడ్డు అందుకున్నాక, బావ ఎడమ చెయ్యి ఆనించి పడవను తోశాడు. కొంత దూరం పోగానే దాని ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనక అంచు నీళ్లలో మునగబోతోంది. తెడ్డు ఎటు వేసినా ఊగుతోంది. ఇంత తిరిగీ పనికిరానిది కొన్నామని లోలోపల తిట్టుకున్నాను.

"నడిమిట్ల కూసో!" అని అరిచాడు బావ.

"నడిమిట్లనే కూసున్న!" అన్నాను.

చూసుకుంటే లేను. పుట్టిలో ఇద్దరం చెరో అంచున కూర్చుంటాం, లేకుంటే ఒరుగుతుంది. ఇన్నేళ్లు అలా కూర్చున్న ఒళ్లు నన్ను అడక్కుండానే ఒక చివరకు పోయి, ముందంతా ఖాళీగా ఉంచింది.

"గా జాగ ఎవలికి ఇడ్సినవ్‌రా?"

నవ్వుతున్నాడనుకుని చూశాను. నవ్వడం లేదు.

"జరుగు బామ్మర్ది. మొత్తం నీదే."

మధ్యకు జరిగాను. ఊగడం ఆగి పడవ సమంగా నిలబడింది. నిలబడకపోతే బాగుండుననిపించింది.